తమ్ముడు తెచ్చిన కుక్కపిల్ల

ఆ కుక్కపిల్లను ఎవరికోసం తెచ్చాడో తెచ్చినవాడు చెప్పలేదు. తీసుకున్న మనిషి అడగలేదు. ఆ రోజు ఒక్క ముక్క అడిగి ఉంటే నాకిప్పుడు ఇదంతా చెప్పుకుంటూ కూర్చునే పని ఉండేది కాదు.

తెచ్చినవాడు తమ్ముడు. తీసుకున్నది అతని అక్క, నాతో పాటు కళ్ళద్దాల షాపులో పనిచేసే మనిషి. నేను ముందు కౌంటరులో కూర్చుని వచ్చినవాళ్ళ ముక్కులకు ఫ్రేములు తగిలిస్తాను. ఆమె వెనక గదిలో దీపం కింద కూర్చుని ఆ ఫ్రేములకు అద్దాలు బిగిస్తుంది. షాపులో అందరూ ఆమెను బిగింపక్క అంటారు. అద్దాలే కాదు, ఊగే కుర్చీ కాలు, కారే కుళాయి, నా గడియారం పట్టీ, ఏది వదులుగా కనిపించినా ఆమె చెయ్యి ఊరుకోదు. తమ్ముడి విషయంలో మాత్రం ఏనాడూ ఏదీ బిగించలేదు. ఆ ఒక్కచోటా అన్నీ వదిలేసింది.

వాళ్ళ అమ్మ పోయేనాటికి తమ్ముడికి ఇంకా పాలపళ్ళు ఊడలేదు. వాడికి స్నానం చేయించింది, స్కూలుకు పంపింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది అక్కే. తన పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "కుదర్లేదులే" అంటుంది, ఇంకో మాట ఉండదు. తమ్ముడు మాత్రం పెళ్ళి చేసుకుని వేరే ఇంటికి వెళ్ళాడు. అప్పుడప్పుడూ వస్తాడు, వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి పట్టుకెళతాడు. ఇస్త్రీ పెట్టె, కుక్కరు, మడత విప్పని దుప్పటి. వెళ్ళిన వస్తువు గడప తొక్కి తిరిగొచ్చిన దాఖలా లేదు. అతన్ని చూస్తే నాకు మొదటి నుంచీ ఒళ్ళు మంట.

వాళ్ళింట్లో ఇంకో విడ్డూరం ఉంది. ఇంట్లోకి ఏదైనా వస్తే "ఇది ఎవరికి?" అని అడగకూడదు. అలా అడగడమంటే ఆశపడటమేనని వాళ్ళమ్మ నేర్పిందట. ఇచ్చేవాళ్ళు ఇస్తారు, నువ్వు చెయ్యి చాచకు అని. ఆ పాఠం ఇద్దరు పిల్లల్లో ఒక్కరికే ఎక్కింది.

ఆ సెలవు రోజు నేను అక్క ఇంట్లోనే ఉన్నాను. తమ్ముడు బుట్ట పట్టుకుని వచ్చి, పైనున్న తువ్వాలు తీశాడు. లోపల పొమేరేనియన్ జాతి కుక్కపిల్ల. గోధుమరంగు దూది ఉండకు ఎవరో రెండు నల్లపూసలు గుచ్చినట్టుంది.

"ఇది ఇక్కడ ఉంటుందక్కా. నువ్వైతే బాగా చూసుకుంటావు" అన్నాడు. సరిగ్గా అవే మాటలు. నేను చెవులారా విన్నాను.

అతను మెట్లు దిగాక అక్క ఆ పిల్లను అరచేతుల్లోకి తీసుకుంది. "నా బతుకులో వీడు నాకు తెచ్చింది ఇదొక్కటేనే" అంది. కళ్ళు నిండిపోయాయి. ఆ కాసేపు అతని మీద నా మంట కూడా చల్లారింది, ఎందుకు అబద్ధం. దానికి గింజ అని పేరు పెట్టింది.

ఇక మొదలైంది భాగోతం. గింజ మంచం కింద ఉచ్చ పోసింది, తలుపు దగ్గర పోసింది, నా చెప్పులో కూడా పోసింది. అక్క కసిరితే బీరువా వెనక్కి పోయి అక్కడా పోసింది. చివరికి పశువుల డాక్టరు అక్కకే క్లాసు పీకాడు. "అయిపోయాక తిడితే దానికేం తెలుస్తుందమ్మా? మీకు కోపమొచ్చిందని తెలుస్తుంది, అంతే. ఇంత ప్రాణికి మూత్రం సంచి ఎంతుంటుంది? నిద్ర లేవగానే, తినగానే, ఆడగానే తీసుకెళ్ళి కాగితం మీద నిలబెట్టండి. అక్కడ పోస్తే మెచ్చుకోండి."

అక్క పాత పేపర్లు పరిచింది. వాటిని రోజుకు కాస్త చొప్పున బాల్కనీ వైపు జరుపుకుంటూ పోయింది. గింజ పేపరు మీద పోసిన ప్రతిసారీ "బంగారు తల్లీ! నా బుజ్జి తల్లీ!" అని చప్పట్లు కొట్టేది. షాపులో కస్టమరు మెచ్చుకున్నా పెదవి విప్పని మనిషి! ఇంత చిన్న పనికి అంత పొగడ్త నేను పుట్టాక వినలేదు.

చిన్నజాతి కుక్కల్ని పెంచడం ఎంత పనో నాకు అప్పుడే తెలిసింది. కడుపు పిడికెడు కాబట్టి కొంచెం కొంచెంగా చాలాసార్లు పెట్టాలి, ఆలస్యమైతే నీరసించి సోలిపోతుంది. అందుకని అక్క మధ్యాహ్నం మేము క్యారియర్లు విప్పే వేళకు ఇంటికి పరిగెత్తి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టిన కుక్కల తిండి పెట్టి వచ్చేది. తను తిన్నదో లేదో దేవుడికెరుక. మంచం మీంచి దూకితే ఆ పుల్లల్లాంటి కాళ్ళు విరుగుతాయని మంచం మడిచి గోడకు ఆనించి, నేలమీద పరుపు వేసుకుంది. చూడకుండా తొక్కేస్తానేమోనని ఇంట్లో పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిచేది. ఆ నడక షాపుకు కూడా వచ్చేసింది. ఓనరు మోకాళ్ళ నొప్పులా అని అడిగాడు.

పళ్ళు వచ్చేటప్పుడు గింజ అక్క కళ్ళజోడు కాడనే నమిలేసింది. ఊరంతటికీ కళ్ళజోళ్ళు బిగించే మనిషి ఒక చెవికి దారం కట్టుకుని పనికొచ్చింది. దానికి మాత్రం పాత మేజోడును ముడులేసి చల్లటి నీళ్ళలో తడిపి నోటికి అందించింది. చెయ్యి కొరికితే కొట్టేది కాదు, మొహం అటు తిప్పేసుకునేది. గింజకు అంతకంటే పెద్ద శిక్ష లేదు, కాళ్ళ దగ్గర చేరి గోకేది. కుక్కరు కూసినా, లిఫ్టు కదిలినా, నేను నవ్వినా మొరిగేది. అది తనంతట తాను ఆగేదాకా అక్క కాచుకుని, ఆగగానే చిన్న బిస్కెట్టు ముక్క పెట్టేది. ఒంటరిగా ఉండటం కూడా అలాగే నేర్పింది. తలుపేసి మెట్ల మీద నిలబడేది, అది ఏడవక ముందే లోపలికి వచ్చేది, మర్నాడు ఇంకాస్త ఆగేది. లోపల అది, బయట ఈమె. ఇద్దరిలో ఎవరికి ఎక్కువ కష్టంగా ఉండేదో నేను చెప్పలేను.

తమ్ముడు ఇదివరకు ఎప్పుడో గానీ కనిపించేవాడు కాదు, ఇప్పుడు తరచూ రావడం మొదలెట్టాడు. వస్తూనే "లోపల పోయడం మానేసిందా? కొత్తవాళ్ళను చూస్తే కరుస్తుందా?" అని అడిగేవాడు. ఫోనులో వీడియోలు తీసుకునేవాడు.

"దానిమీద ఎంత ప్రేమో చూశావా? మావాడు మారాడే" అంది అక్క.

మారాడో లేదో నాకు అనుమానమే. అయినా నోరు కట్టేసుకున్నాను. ఆ మనిషి సంతోషంలో వేలు పెట్టడానికి నాకేం హక్కుంది?

ఒక సాయంత్రం మేమిద్దరం గింజకు దువ్వెన పెడుతున్నాం. తమ్ముడు వచ్చాడు. చేతిలో కొత్త బుట్ట, దాని పిడికి గులాబీరంగు రిబ్బను.

"రెడీనా అక్కా? రేపు మా మేనేజరు గారి పాప పుట్టినరోజు. అన్నీ నేర్పిన కుక్కే కావాలని వాళ్ళావిడ ఒకటే గోల. వీడియోలు చూసి తెగ ముచ్చటపడ్డారు."

అక్క చేతిలో దువ్వెన ఆగిపోయింది. "గింజనా?" అంది.

"మరి ఇన్నాళ్ళూ ఎవరికోసం అనుకున్నావు? నీకెందుకక్కా కుక్క? రోజంతా షాపులోనే ఉంటావు కదా."

నేను ఇక పట్టలేకపోయాను. "సిగ్గు లేదటయ్యా నీకు? ఆవిడ తిండీ నిద్రా మానుకుని పెంచింది నీ మేనేజరు కోసమా?" అని లేచాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. నాది అని ఒక్క మాట అనొచ్చు కదా! అనలేదు. తనకని ఎవరూ చెప్పని దాన్ని తనదని ఎలా అంటుంది? పుట్టి బుద్ధెరిగాక అలాంటి మాట ఆ నోట రాలేదు.

లేచి వెళ్ళి గింజ గిన్నె, దువ్వెన, ముడులేసిన మేజోడు సంచిలో సర్దింది. "తిండి పొడిగా పెట్టొద్దను. మంచం ఎక్కించొద్దను. మొరిగితే అరవొద్దను, కాస్త ఆగితే అదే ఊరుకుంటుంది" అని అప్పగింతలు పెట్టింది. అతను ఫోను చూసుకుంటూ "ఆ, ఆ" అన్నాడు. గింజ బుట్టలో బుద్ధిగా కూర్చుంది. బుట్టలో పెడితే డాక్టరు దగ్గరికి వెళ్ళి అక్కతో తిరిగి రావడమే దానికి తెలుసు. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు అయింది ఇద్దరి పనీ.

తర్వాత షాపులో అక్క మామూలుగానే పనిచేసింది. మామూలుగా అంటే, ఒక ఖరీదైన అద్దం అంచు విరగ్గొట్టింది. ఇన్నేళ్ళలో అది మొదటిసారి. ఇంకో పిల్లను తెచ్చుకోమని తలా ఒక సలహా ఇచ్చారు. అక్క "చూద్దాంలే" అనేది. ఇంట్లో మంచం మళ్ళీ వాల్చింది గానీ నడక మాత్రం మారలేదు, ఖాళీ నేల మీద కూడా పాదాలు ఈడ్చుకుంటూనే తిరిగేది. ఆ మేనేజరు వాళ్ళింటికి వెళ్ళి గింజను ఒకసారి చూసొద్దాం పద అని నేనే అన్నాను. "వద్దే. నన్ను చూస్తే అది మళ్ళీ బెంగపెట్టుకుంటుంది. అలవాటు పడనీ" అంది.

తమ్ముడికి పై ఉద్యోగం వచ్చిందని తెలిసింది. ఆ కబురు కూడా అతను చెప్పలేదు. ఏరు దాటాక తెప్పతో ఏం పని?

పని పడినప్పుడు మాత్రం వచ్చాడు. వానాకాలం వచ్చింది అప్పటికి. సెలవు పూట నేనక్కడే ఉన్నాను. చేతిలో మళ్ళీ ఒక బుట్ట, మళ్ళీ తువ్వాలు.

"అక్కా, మా పెద్ద సారుకు కూడా ఒకటి కావాలట. అదంతా నేనే నేర్పాననుకుంటున్నారు వాళ్ళు" అని నవ్వాడు. "నీ చెయ్యి పడితే చాలు కదా."

తువ్వాలు కింద కుయ్ కుయ్ మని సన్నగా వినిపిస్తోంది. అక్క బుట్ట వైపు చూడలేదు.

"గింజ ఎలా ఉందిరా?" అంది.

"ఏ గింజ? ఓ, అదా! అది వాళ్ళ దగ్గర ఎక్కడుందక్కా. వచ్చిన నెలకే పాపకు మొహం మొత్తింది. బొచ్చు రాలుతోందని డ్రైవరుకు ఇచ్చేశారు. అతను ఉద్యోగం మానేసి ఎటో వెళ్ళిపోయాడు."

అక్క అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "ఇచ్చేస్తున్నారని నీకు తెలుసా?"

"తెలుసు. మేనేజరు గారే అన్నారు, ఎవరికైనా కావాలంటే చెప్పమని."

"నాకు చెబితే వెళ్ళి తెచ్చుకునేదాన్ని కదరా! వానలో నడిచైనా వెళ్ళి తెచ్చుకునేదాన్ని కదరా!" అక్క అంత గొంతుతో మాట్లాడగలదని నాకు తెలియదు. తమ్ముడికీ తెలిసినట్టు లేదు, ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నీకు కావాలని నువ్వెప్పుడైనా అన్నావా?"

"అనాలా? నిన్ను ఎత్తుకుని పెంచాను, నాకేం కావాలో నీకు నోరు తెరిచి చెప్పాలా?"

"కుక్కే కదక్కా..."

"తీసుకెళ్ళు దాన్ని. నా చెయ్యి ఇంక పడదు. నువ్వూ రాకు."

అతను నావైపు చూశాడు, నేనేదైనా సర్ది చెబుతానని కాబోలు. నేను తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాను. బుట్ట ఎత్తుకుని గొణుక్కుంటూ మెట్లు దిగాడు. తువ్వాలు కింద ఆ పిల్ల ఏడుపు కింది అంతస్తు దాకా వినిపించింది. అక్క చెవులు మూసుకుంది.

ఆ తర్వాత నేలమీద చతికిలబడి ఏడ్చింది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి మొహం తుడుచుకుని నన్ను అడిగింది: "కుక్కపిల్లకు నేర్పాను కదే, అది నేర్చుకుంది కూడా కదే. వీణ్ణి అంతకంటే ఎక్కువ ఏళ్ళు పెంచాను. మరి వీడికెందుకు రాలేదే?"