నీలి దీపం కింద పసుపు గీత

రంగులక్కకు నాటకమంటే ప్రాణం, స్టేజీ ఎక్కడమంటే ప్రాణగండం. ఇదెక్కడి చోద్యం అనకండి, అలాంటివాళ్లూ ఉంటారు.

వాళ్లమ్మ నాటకాల కంపెనీలో వేషాలకు బట్టలు కుట్టేది. ఒకసారి రావలసిన పిల్ల రాకపోతే తన కూతురికే గౌను తొడిగి, "నాన్నొచ్చాడమ్మా అను, చాలు" అని స్టేజీ మీదికి తోసింది. ఎదురుగా నిండు హాలు. పిల్లకు నోరు పెగల్లేదు. జనం ఘొల్లుమన్నారు. ఏడుస్తూ పరుగెత్తి అడవి తెర వెనక నక్కింది. ముందునుంచి చూస్తే చిక్కటి అడవి, వెనకనుంచి చూస్తే మాసికల గుడ్డ, కర్రలు, మేకులు. ఆ మాయ చూసి ఏడుపే మరిచిపోయింది. ఆనాటినుంచి తెరలు గీసే ముసలాయన్ని వదిలితే ఒట్టు. జిగురు కాచింది, కుంచెలు కడిగింది, తిట్లు తింది. ఆయన చెయ్యి వణికే నాటికి ఈమె చెయ్యి తిరిగింది. కంపెనీ మొత్తానికీ రంగులక్క అయింది.

ఇంట్లో తనకోసం వేసుకునే బొమ్మలూ నాటకాలవే. పక్క తెర సందులోంచి చూసి వేసేది కాబట్టి వాటిలో రాజులకు ముఖాలుండవు, కిరీటాల వెనకభాగాలే ఉంటాయి. "మా అక్కంటే లోకానికి అలక, ఇటు తిరగదు" అని చెల్లెలు ఆటపట్టించేది.

ఆ చెల్లెలు కంపెనీలో నాయిక. మాటల పుట్ట, భయమంటే ఎరగదు. ఇంటిల్లిపాది భయమూ పెద్దదాని వాటాకే వచ్చిందని వాళ్లమ్మ అనేది. అమ్మ పోయాక అక్కకు చెల్లెలు, చెల్లెలికి అక్క, అంతే మిగిలారు.

కొత్త నాటకం ఆఖరి రంగంలో చెల్లెలు హంతకుడికి జడిసి వెనక్కి వెనక్కి నడవాలి. నడిచి నడిచి, స్టేజీ మధ్యలో ఉన్న గొయ్యి అంచున ఆగాలి. గొయ్యి బొమ్మ కాదు. చెక్క మూత తీసేసిన నిజం గొయ్యి, నిలువెత్తు లోతు, అడుగున సిమెంటు. వెనక్కి తిరిగి చూస్తే రక్తి చెడుతుందని, గొయ్యికి అడుగు ఇవతల నల్లటి నేల మీద రంగులక్క ఒక పసుపు గీత గీసింది. చెల్లెలు ఓరకంట ఆ గీత చూసుకుని ఆగుతుంది.

రంగులక్కకు ఒక నియమం. పగటి వెలుతురులో రంగు కలపదు. కిటికీలు మూయించి, ఆటలో వాడే దీపాలు వేయించి, వాటి కిందే కలుపుతుంది. పగలు మెరిసిన రంగు దీపం మారితే మసిబొగ్గు కావచ్చు.

మొదటి ఆట రోజున లైట్లాయన ఆఖరి రంగానికి పాత దీపం తీసి కొత్తది బిగించాడు. "నీలం పెట్టానక్కా! చూడు, వెన్నెల దిగినట్టు లేదూ?" అన్నాడు. నిజంగానే వెన్నెల దిగినట్టుంది. కానీ ఆ వెన్నెల్లో గోడలు పాలిపోయాయి, చెట్లు మురికిగా తేలాయి. రంగులక్క తిండి మానేసి గోడ దిద్దింది, చెట్లు దిద్దింది, చందమామను రెండోసారి పుట్టించింది. గీత జోలికి మాత్రం పోలేదు. గీత ఆమె దృష్టిలో బొమ్మే కాదు, బొమ్మ కానిది ఆమె కంటికి ఆనదు. దీపం కింద చీకటి అని ఊరికే అన్నారా!

ఆట మొదలైంది. ఆఖరి రంగంలో నీలి దీపం వెలిగింది. పక్క తెర చాటునుంచి రంగులక్క తన గోడను చూసి మురిసిపోయింది. చెట్లను చూసింది. చూపు అలా నేల మీదికి జారింది.

గీత లేదు.

పసుపు కాస్తా నీలి వెలుతురులో నల్లబడి నేలలో కలిసిపోయింది. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చెల్లెలు అప్పటికే వెనక్కి అడుగులు వేస్తోంది, ఓరకంట గీతకోసం వెతుకుతోంది, ఇంకా రాలేదనుకుని మరో అడుగు వేస్తోంది. "చెల్లీ!" అనబోతే గొంతులో గాలే తప్ప మాట లేదు. ఉన్నా వినబడదు, డప్పులు హోరెత్తుతున్నాయి. లైట్లాయన హాలుకు ఆ చివర ఉన్నాడు. తను వెళ్లాలి. కాళ్లు నేలకు అతుక్కున్నాయి. జనం, జనం, అంతమంది జనం! చెల్లెలి తల సిమెంటుకు కొట్టుకున్న చప్పుడు ముందే చెవుల్లో మోగింది.

ఎలా వెళ్లిందో ఆమెకే తెలియదు. రంగు మరకల బట్టలతో పరుగున వచ్చి, గొయ్యికీ చెల్లెలికీ మధ్య నిలబడింది. సగం మడమ గాల్లోనే ఉంది. చెల్లెలు వెనక్కి వచ్చి ఆమెకు తగిలింది.

"ఎవరది?" అంది పెదవి కదపకుండా.

"నేనే. నా వెనకే గొయ్యి. గీత కనబడట్లేదే."

చెల్లెలు గడ్డకట్టింది. హంతకుడు ఎత్తిన కత్తి ఎత్తినట్టే ఉంచి గుటకలు మింగాడు. చచ్చిన మనిషెవరో దయ్యమై కాపాడటానికొచ్చారనుకుని హాలు హాలంతా ఊపిరి బిగబట్టింది. తెర పడింది, చప్పట్లు మోగాయి.

నాటకం ఆడించే మేష్టారు ఉరుక్కుంటూ వచ్చాడు. "ఎవరి ఆలోచన ఇది? రోజూ ఉండాల్సిందే!"

"నా వల్ల కాదు మేష్టారూ. గీతకు వేరే రంగు వేస్తాను, ఈ దీపం కిందే చూసి మరీ వేస్తాను" అంది రంగులక్క.

భయమెరగని చెల్లెలు గొయ్యి పక్కన కూలబడి లోపలికి చూస్తోంది.

"నువ్వు రంగు మారుస్తావు, రేపు వాళ్లు దీపం మారుస్తారు" అంది. "ఇక నీ రంగును నమ్మలేనక్కా. నువ్వొచ్చి నిలబడతానంటే చెప్పు. లేదంటే నేనూ ఎక్కను."

ఇన్నేళ్ల పనిని ఒక్క మాటతో తీసిపారేసింది. ఆ మాట గుచ్చుకుంది. అయినా "నిలబడతాలే" అంది.

మరి ఆనాటితో భయం పోయిందా? ఎక్కడికి పోతుంది! అయినా ఆ నాటకం ఆడినన్నాళ్లూ, నీలి దీపం వెలగగానే రంగులక్క వెళ్లి గొయ్యి ముందు నిలబడేది. చెల్లెలి మడమ తన కాలికి తగిలేదాకా ఊపిరి తీసుకునేది కాదు.