పెద్దల్లుడి నల్లి బొక్క

నాచారం పారిశ్రామికవాడలో నా రబ్బరు సీళ్ల దుకాణాన్ని ఆనుకునే మెకానిక్ ఉప్పలయ్య షెడ్డు. మట్టి తవ్వే ప్రొక్లెయినర్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొనాలనుకునేవాళ్లు ముందు ఆయన్ని తీసుకెళ్లి చూపించుకుంటారు, పెళ్లిచూపులకు పెద్దమనిషిని వెంటబెట్టుకెళ్లినట్టు. ఆయన ఇంజన్ లోపాలు చెప్పే స్కానర్ పెడతాడు గానీ దాన్ని పూర్తిగా నమ్మడు. ఇంజన్ నడుస్తుండగా ఒక్కో సెన్సార్ వైరునూ పట్టుకుని ఊపుతాడు. ఏ వైరు ఊపినప్పుడు ఇంజన్ తడబడితే అక్కడ దొంగ దొరికినట్టే. ఊపుతున్నంతసేపూ ఆ వైరుతో ఏవో మాట్లాడతాడు. ఆ మాటలు నేనిక్కడ రాయను.

పని తెలిసినవాడే, కాదనను. ఆ గొప్పలే భరించలేం. మా కోస్తావాళ్లకు మాటలెక్కువని ఇక్కడ కొందరి నమ్మకం. ఇన్నేళ్లుగా ఉప్పలయ్య పక్కన కూర్చున్న నాకైతే నోరు తెరిచే సందే దొరకలేదు.

ఆ గొప్పలన్నిట్లో పెద్దది నల్లి బొక్క. ఆయన అత్తగారిల్లు చిల్కానగర్‌లో. అక్కడ దావత్ అయినప్పుడల్లా అత్త శంకరమ్మ మటన్ కూర మొదటి గరిటె పెద్దల్లుడి విస్తట్లోనే వేస్తుంది. అందులో మూలుగ నిండిన ఎముక, ఇక్కడి మాటలో నల్లి బొక్క, ఉండి తీరుతుంది. చిన్నల్లుడు జగన్‌కు మామూలు ముక్కలు. జగన్ చేసిన తప్పల్లా చిన్న కూతుర్ని చేసుకోవడమే. మర్నాడు పొద్దున ఉప్పలయ్య ఆ బొక్కను ఎలా కొట్టి, ఎలా జుర్రాడో నాకు చెప్పేవాడు. నేను అప్పుడే ఉప్మా తిని వచ్చి కూర్చునేవాణ్ని. ఒళ్లు మండేది.

అంతటి వైభవానికి ముప్పొచ్చింది. ఆయన బామ్మర్ది గండయ్య ఒక పాత ప్రొక్లెయినర్ కొన్నాడు. ఉప్పలయ్యే వెళ్లి వైర్లన్నీ ఊపి, పూచీ నాదని అందరి ముందూ మాటిచ్చాడు. ఆ సంబరంలో అత్తకు కూడా ఏదో సలహా ఇచ్చి మర్చిపోయాడు.

పీర్జాదిగూడలో ఒక అపార్ట్‌మెంటు సెల్లార్ తవ్వే పని దొరికింది. రోజూ పొద్దున మిషన్ మొదలుపెట్టగానే లోపముందని చెప్పే పసుపు లైటు వెలిగేది, ఇంజన్ నీరసపడిపోయేది, బకెట్ మట్టిని లేపలేక మూలిగేది. మధ్యాహ్నం ఉప్పలయ్య వెళ్లి చూస్తే మిషన్ సింహంలా గర్జించేది. నడపడం రాక నేను చూసిచ్చిన మిషన్‌ను అంటున్నావని ఆయన గండయ్యనే దులిపేసేవాడు.

గండయ్యకు ఓపిక నశించింది. షెడ్డుకొచ్చి నా ముందే తేల్చేశాడు. "నీ ముందర మంచిగనే ఉంటది బావ, అల్లుడు అత్తగారింట్ల ఉన్నట్టు. ఐతారం దావత్ లోపట బాగుజెయ్యకుంటే నల్లి బొక్క జగన్‌కే."

ఉప్పలయ్య ముఖం పాలిపోయింది. పొద్దెక్కితే గానీ లేవని మనిషి మర్నాడు కోడి కూతకే లేచాడట. ఇంట్లో భార్య ప్రవీణ ఆయనకు జ్వరమేమోనని నుదురు ముట్టుకుని చూసిందట. సీళ్ల సంచితో నన్నూ పీర్జాదిగూడకు లాక్కుపోయాడు.

మేం వెళ్లిన కాసేపటికి గండయ్య బైకు వచ్చింది. వెనక సీటు మీద శంకరమ్మ, ఒళ్లో ఇత్తడి చెంబు. చిల్కానగర్ నుంచి అన్ని గుంతలు దాటొచ్చినా చుక్క తొణకలేదు. ఆమె కొంగు బిగించి, మిషన్ చైన్ మీద కాలు పెట్టి ఎక్కి, చెంబెడు పసుపునీళ్లు ఇంజన్ మూత మీద పోసి దండం పెట్టుకుంది. నీళ్లు మూత సందుల్లోంచి లోపలికి జారాయి. గండయ్య మిషన్ తాళం తిప్పాడు. పసుపు లైటు వెలిగింది.

ఉప్పలయ్య మూత తెరిచి, గాలి ఒత్తిడి చెప్పే సెన్సార్ సాకెట్ లాగాడు. లోపలినుంచి పసుపునీళ్లు బొటబొటా కారాయి. సాకెట్‌లోని రబ్బరు సీలు ఎప్పుడో పుచ్చిపోయింది. కొనేటప్పుడు వైరు ఊపాడే గానీ సాకెట్ విప్పలేదు. మధ్యాహ్నానికి ఇంజన్ వేడికి తడి ఆరిపోతోంది, ఈయన సరిగ్గా అప్పుడొచ్చి గొప్పలు చెప్పుకుంటున్నాడు.

"అత్తమ్మా, గిట్ల పొయ్యమని ఎవలు చెప్పిన్రు?"

"నువ్వే గద బిడ్డా. బర్రెలెక్క అర్సుకోమంటివి, దిష్టి తగలకుంట పసుపునీళ్లు పొయ్యమంటివి. ఒక్కనాడు తప్పలే."

ఉప్పలయ్య నా వైపు చూశాడు. నేను సంచిలోకి చూసుకున్నాను. సీలుదే తప్పంటే పూచీ ఇచ్చిన మాట పోతుంది. నీళ్లదే తప్పంటే గరిటె పట్టే చెయ్యి నొచ్చుకుంటుంది. ఎటు చూసినా బొక్క జగన్ విస్తట్లోకే పోయేలా ఉంది. కాసేపు తల గోక్కుని, పూజారిలా గొంతు సవరించుకున్నాడు.

"ఇంజన్ల దేవుడుండడు అత్తమ్మా, బకెట్ల ఉంటడు. మన్ను తినేది అదే, మనకు బువ్వ పెట్టేది అదే. ఇగ ఏం జేసినా బకెట్‌కే జెయ్యి."

శంకరమ్మ లెంపలేసుకుంది. ఇన్నాళ్లూ దేవుణ్ని వెనకనుంచి తడిపానే అని బాధపడింది. సాకెట్ తుడిచి నేనిచ్చిన కొత్త సీలు వేయగానే మిషన్ గర్జించింది. గండయ్య కూడా బావను మెచ్చుకున్నాడు. దారి పొడవునా ఉప్పలయ్య తన తెలివిని తానే పొగుడుకున్నాడు.

ఆదివారం దావత్ ఆ సెల్లార్ గుంత పక్కనే పెట్టారు. నన్నూ పిలిచారు. వరసలో మొదట ఉప్పలయ్య కూర్చున్నాడు, చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి. శంకరమ్మ గిన్నె మూత తీసింది. ఆ కూరలో నల్లి బొక్క ఒక్కటే ఉంది, వేలెడు పొడుగు. దాన్ని విస్తట్లో అన్నం మీద పెట్టుకుని ఆమె మా వైపు నడిచి వచ్చింది.

ఉప్పలయ్యను దాటిపోయింది. జగన్‌ను కూడా దాటిపోయింది. పసుపు రాసి, బొట్లు పెట్టి నేలమీద ఆనించిన బకెట్‌లో ఆ విస్తరి పెట్టి, కళ్లు మూసుకుని చేతులు జోడించింది. మేమందరం లేచి నిలబడ్డాం. అందరికంటే ముందు ఉప్పలయ్యే దండం పెట్టాల్సి వచ్చింది, దేవుడెక్కడున్నాడో చెప్పినవాడు గనక.

తర్వాత ఆయన విస్తట్లో మెడ ముక్కలు పడ్డాయి.

"బావ, నీ మొకంల పసుపు లైటు ఎలుగుతాంది," అన్నాడు గండయ్య.

మర్నాడు పొద్దున షెడ్డులో ఉప్పలయ్య స్కానర్ తుడుచుకుంటూ కూర్చున్నాడు. నాకు నిజంగా జాలేసింది. అయినా మా ఇంటి ఉప్మాలో జీడిపప్పు ఎలా వేగిందో, అంచున మాడు ఎంత కమ్మగా ఉందో నిదానంగా వర్ణించాను. ఆయన చివరిదాకా విన్నాడు.