అబద్ధం చెప్పి తీసుకున్న అద్దె ఇల్లు

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మన రక్షకుడైన యేసుక్రీస్తు నామంలో మీ అందరికీ నా వందనాలు. నా పేరు రత్నకుమారి. కలిదిండి దగ్గర ఈ సంఘంలోనే నేను బాప్తిస్మం తీసుకున్నాను, మీ మధ్య చాప మీద కూర్చుని పాటలు నేర్చుకున్నాను. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగినప్పుడు ముందే చెప్పాను, అయ్యగారూ, నాకు హైదరాబాదులో సొంత ఇల్లు రాలేదు, స్థలం రాలేదు, ఇప్పటికీ అద్దె ఇంట్లోనే ఉన్నాను, మరి నా సాక్ష్యం పనికొస్తుందా అని. ఆయన నవ్వి రమ్మన్నారు. కాబట్టి దేవుడు ఫ్లాటు ఇచ్చిన కథ విందామని కూర్చున్నవాళ్లు ఇప్పుడే లేచి వెళ్లవచ్చు, నేనేమీ అనుకోను!

మా ఆయన ప్రసాదుగారు ఇక్కడ రొయ్యల చెరువుల మీద మోటార్లు బాగుచేసేవారని మీకు తెలుసు. వరసగా రెండు పంటలు తెగులు వచ్చి పోయేసరికి చెరువులవాళ్లే చేతులెత్తేశారు, ఇక మాకు పని ఎవరిస్తారు? హైదరాబాదులో మోటార్ల వైండింగు షాపులో పని ఉందంటే పెట్టెలు సర్దుకుని, నాలుగో తరగతి చదువుతున్న మా అమ్మాయి గ్రేసును వెంటబెట్టుకుని వెళ్లాం. జీతం ఎంతో విని ఇక్కడ అందరూ బాగుందన్నారు. అక్కడికి వెళ్లాక తెలిసింది, ఆ జీతం మాది కాదు, ఇంటి ఓనరుదని! మూడో అంతస్తులో గాలి రాని ఒక గది, ఒక మూల వంటగట్టు, దానికే జీతంలో సగం పైన పోయేది, ఆపైన మెయింటెనెన్సు అనేవారు, నీళ్ల ట్యాంకరు వస్తే దానికి వేరే అనేవారు. కొల్లేరు పక్కన పుట్టి పెరిగినదాన్ని, వాడుకునే నీళ్లకు డబ్బులిచ్చాను సహోదరీలారా! నెల ఇరవయ్యో తారీఖు దాటితే మా అమ్మాయికి పాలు మానిపించేదాన్ని, జ్వరం వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్లడానికి ఒకటో తారీఖు కోసం చూసేవాళ్లం.

"ప్రభువా, అద్దె తక్కువ ఇల్లు ఒకటి చూపించు తండ్రీ" అని కన్నీళ్లతో అడిగాను. ఇల్లు కనబడింది. ఆగండి, అప్పుడే హల్లెలూయా అనకండి! ఆ ఇల్లు ప్రభువు చూపించింది కాదు.

ఒక బ్రోకరు చూపించాడు. "ఓనర్లు పూజలు చేసుకునేవాళ్లమ్మా, ఇల్లంతా శాకాహారం. వాళ్లకు డబ్బు ఇబ్బంది లేదు, తమలాంటి కుటుంబం దొరికితే చాలని సగం అద్దెకే ఇస్తున్నారు. మీరు బొట్టు పెట్టుకుని రండి, మిగతాది నేను మాట్లాడతాను" అన్నాడు. సగం అద్దె అన్న మాట చెవిన పడ్డాక ఇంకేమీ వినబడలేదు నాకు. రత్నకుమారి, ప్రసాదు అంటే మేమెవరమో ఎవరు పోల్చుకుంటారు? గ్రేసు ఒక్కదాని పేరే మమ్మల్ని బయటపెడుతుంది. అందుకని దాన్ని దగ్గర కూర్చోబెట్టుకుని, ఆ ఇంట్లో ఎవరడిగినా నీ పేరు చిన్ని అని చెప్పు తల్లీ అన్నాను. దేవుని కృప అని మనం పెట్టుకున్న పేరును నా నోటితో నేనే దాచిపెట్టించాను. పావలా కాసంత స్టిక్కరు కొని నుదుట అంటించుకున్నాను.

ఇక్కడ ఒక మాట చెప్పనివ్వండి. బొట్టు పెట్టుకునే అక్కచెల్లెళ్లను నేను తప్పుపట్టడం లేదు, వాళ్లు నమ్మి పెట్టుకుంటారు, గౌరవంగా పెట్టుకుంటారు. నేను మాత్రం అద్దె తగ్గుతుందని పెట్టుకున్నాను.

ఇంటావిడ లలితమ్మగారి పుట్టిల్లు తాడేపల్లిగూడెం. మాది కలిదిండి అనగానే ఆవిడ ముఖం ఇంత అయింది. "ఏవండీ, మన వైపువాళ్లేనా అండీ! మాది గూడెమండీ. మీరు దొరికారు, ఇంక నాకు దిగులు లేదండీ" అని నా చేయి పట్టుకున్నారు, అడ్వాన్సు కూడా వద్దన్నారు. అంత మంచి మనిషిని ఏడాది మీద రెండు నెలలు మోసం చేశాను.

ఆదివారం ఆరాధనకు వెళ్తూ బస్టాపులో స్టిక్కరు తీసి సెల్లు వెనక అంటించేదాన్ని, తిరిగి వచ్చేటప్పుడు అదే బస్టాపులో నుదుటికి మార్చేదాన్ని. కుటుంబ ప్రార్థన చేసుకోవాలంటే కుళాయి తిప్పి ఆ చప్పుడులో గొణుక్కునేవాళ్లం. మా అమ్మ ఎంతో ప్రేమగా పంపిన ఉప్పు చేపల పొట్లాన్ని వాసన వస్తుందన్న భయంతో విప్పకుండా చెత్తబండిలో పడేశాను. అక్కడి సంఘంలో ఒక సహోదరితో చెబితే, దేవుడు హృదయాన్ని చూస్తాడులెండి, పట్నంలో అందరూ ఇలాగే బతుకుతున్నారు అని ఓదార్చింది. ఆ ఓదార్పు పుచ్చుకుని హాయిగానే ఉన్నాను! ఇంట్లో పాలు వచ్చాయి, బియ్యం బస్తా వచ్చింది, నాలుగు రూపాయలు మిగిలాయి. నా గొంతు మాత్రం పోయింది, ఆరాధనలో నోరు తెరిస్తే పాట వచ్చేది కాదు.

అప్పుడు శ్రావణమాసం వచ్చింది. శుక్రవారం సాయంత్రం లలితమ్మగారు కింద హాల్లో పేరంటం పెట్టి పదిమంది ముత్తైదువలను పిలిచారు, నేనూ మా అమ్మాయీ వెళ్లాం. తాంబూలాలు ఇచ్చాక ఆవిడ నా వైపు తిరిగి, "రత్నకుమారిగారి గొంతు బాగుంటుందండీ, పైన కూనిరాగం తీస్తుంటే నేను విన్నాను. ఒక్క పాట పాడండీ" అన్నారు. నాకు వచ్చిన పాటలన్నీ ఈ మందిరంలో నేర్చుకున్నవే, ఇంకో పాట ఒక్క ముక్క రాదు. రాదంటే అనుమానం వస్తుందేమో! అందుకని ఏం చేశానో తెలుసా, మన పాటే ఎత్తుకున్నాను. పల్లవిలో ప్రభువు పేరు లేదు, రెండు చరణాల్లోనూ దేవా, తండ్రీ అనే ఉంది, మూడో చరణంలో యేసు అని వచ్చే చోట స్వామీ అని తిప్పేద్దామనుకున్నాను. ఎంత తెలివి చూడండి!

వాళ్లంతా తల ఊపుతూ వింటున్నారు, ఒకావిడ తాళం కూడా వేస్తున్నారు. నా పక్కన కూర్చున్న మా అమ్మాయి, పిల్ల కదా, వచ్చిన పాటని నాతోపాటు సన్నగా అందుకుంది. మూడో చరణంలో ఆ పేరు వచ్చే చోటుకి చేరాం. అది టక్కున ఆగి, నా కళ్లలోకి చూసి, చేత్తో తన నోరు మూసుకుంది.

సహోదరులారా, నేనే కదా దానికి నేర్పింది! సగం అద్దె కోసం నా బిడ్డ నోరు నేనే కట్టేశాను. అంతమంది మధ్య కూర్చుని లోలోపలే మొరపెట్టాను, "ప్రభువా, ఈ ఇల్లు పోతే పోనీ, రోడ్డు మీద పడితే పడతాం, నీ పేరు మాత్రం నేను మింగలేను, నా నోరు తెరువు తండ్రీ" అని. ఆయన తెరిచాడు! యేసయ్యా అని ఆ హాలు మారుమోగేలా పాడాను, మా అమ్మాయి చేయి తీసేసి నాకంటే గట్టిగా పాడింది. పాట పూర్తిచేసే లేచాను.

"మీరు చర్చికి వెళ్తారా అండీ?" అని లలితమ్మగారు అడిగారు. అవునండీ అన్నాను. ఇది గ్రేసండీ, చిన్ని కాదు అని కూడా చెప్పాను. ఆ హాల్లోనే స్టిక్కరు పీకేస్తే వాళ్ల పూజను అవమానించినట్టు అవుతుందని, మెట్లెక్కి మా గదిలోకి వచ్చాక తీశాను.

మర్నాడు ఆవిడే పైకి వచ్చారు. "ముందే చెబితే ఇల్లు ఇచ్చేదాన్నో లేదో నాకూ తెలియదండీ. కానీ ఇన్నాళ్లూ నా చేతి తాంబూలం పుచ్చుకున్నారు కదండీ, ఒక్కసారైనా చెప్పాలనిపించలేదా అండీ?" అన్నారు. ఆవిడ కాళ్లు పట్టుకుని క్షమించమన్నాను, ఇంట్లో ఉండనివ్వమని మాత్రం అడగలేదు. నెలాఖరుకి ఖాళీ చేయమన్నారు, చేశాం.

ఆ నెలంతా ఇల్లు వెతుకుతూ ప్రతి గుమ్మంలోనూ మొదటి మాటే చెప్పేశాను, మేం క్రైస్తవులం అండీ, చేపలు వండుకుంటాం, పొద్దున్నే పాడుకుంటాం, ఇష్టమైతే అద్దె చెప్పండి అని. మా ఆయన భయపడి, కొంచెం నెమ్మదిగా చెప్పవే అనేవారు. ఎందుకు నెమ్మదిగా చెప్పాలి? తలుపులు వేశారు. వేయనీ అని పక్క వీధికి వెళ్లాను. చివరికి ఊరి చివర, ఫ్యాక్టరీల పక్కన, సిమెంటు రేకుల పోర్షను దొరికింది. ఆ ఓనరు అంతా విని, ఒకటో తారీఖుకి అద్దె పడితే చాలమ్మా, పాడుకోండి అన్నాడు.

దాని అద్దె లలితమ్మగారి ఇంటికంటే ఎక్కువ! ఎండాకాలం పెనం మీద కూర్చున్నట్టే ఉంటుంది. మరి దేవుడేం చేశాడంటారా? మొదటి ఆదివారమే నేను చేపల పులుసు పెట్టాను. ఆ వాసనకు పక్క గదుల్లో ఉండి ఫ్యాక్టరీలో పనిచేసే ఏలూరు, కైకలూరు కుర్రాళ్లు గుమ్మంలోకి వచ్చి, అక్కా, మన వైపు పులుసులా ఉందే, డబ్బులిస్తాం, మాకూ పెట్టవా అన్నారు. ఈవేళ పద్దెనిమిది మందికి క్యారేజీలు కడుతున్నాను, ఆ డబ్బుతోనే అద్దె కడుతున్నాం. తక్కువ అద్దె ఇంట్లో చేప వాసనకే వణికిపోయిన నేను, ఆ చేపతోనే ఇల్లు నిలబెట్టుకున్నాను. దేవునికే మహిమ!

అంతా అయిపోయిందని చెప్పను. కొన్ని నెలలు ఇప్పటికీ చాలవు. ఇక్కడికి బయలుదేరేముందే ఓనరు వచ్చి, వచ్చే నెల నుంచి అద్దె పెంచుతున్నానమ్మా అన్నాడు. పెంచుకోనివ్వండి! అద్దె పెంచగలడు, నన్ను మళ్లీ భయపెట్టలేడు. ఈ ఊరి నుంచి పట్నానికి బయలుదేరుతున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, గది అద్దె ఎంతో అడగకముందే మీరెవరో చెప్పండి, ప్రభువు మీద భారం వేసి ధైర్యంగా చెప్పండి. ఇంటి ఓనర్లు ఇవాళ రమ్మంటారు, రేపు ఖాళీ చేయమంటారు. నన్ను ఏనాడూ ఖాళీ చేయమనని యజమాని ఒక్కాయనే ఉన్నాడు, ఆయన పేరు యేసు, ఇక దాన్ని ఎవరి కోసమూ మెల్లగా చెప్పను. ఆమెన్.