ఈతకొలనుకు ఉప్పు చూసిన అచ్చిబాబు

అచ్చిబాబు నాలిక మీద వేసుకుని చూడందే దేన్నీ నమ్మడు. కూరా చారూ అయితే సరే, లోకమంతా చూస్తుంది. ఈయన ఇసుక కూడా చూస్తాడు.

నవ్వకండి, అందులో న్యాయముంది. పోర్ట్‌బ్లెయిర్‌లో ఇళ్ళు కట్టే కాంట్రాక్టరు ఆయన. చుట్టూ సముద్రమున్న చోట ఏ ఇసుకకి ఎక్కడ ఉప్పు తగిలిందో ఎవరికి తెలుసు? ఉప్పిసుకతో కట్టిన గోడ రెండు వానలకే పెచ్చులూడుతుంది. అందుకని లారీ ఆగగానే చిటికెడు ఇసుక నాలిక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, తుపుక్కున ఊసి, "ఠీక్ హై, దింపండి" అంటాడు. నచ్చకపోతే "వాపస్" అంటాడు. ముప్పై ఏళ్ళలో ఆ నాలిక తప్పింది లేదు. ఆయనుండే బతు బస్తీ పేటలో ఎవరు గది వేసుకున్నా ముందు ఈయనకి కబురొస్తుంది. రుచి చూసినందుకు కప్పు టీ ఇస్తారు, అదీ నోట్లో ఇసుక పోవడానికి.

ఇసుకతో ఆగితే ఆయన భార్య పుష్పావతి ఏమీ అనేది కాదు. కానీ మహానుభావుడు గోడ సున్నం చూశాడు, తలుపు వార్నిష్ చూశాడు. పెళ్ళైన కొత్తలో ఆమెకు చీర తెచ్చి, రంగు దిగుతుందేమోనని షాపువాడి ముందే కొంగు నోట్లో పెట్టుకున్నాడట. ఆ చీర ఇప్పటికీ రంగు దిగలేదు, అది వేరే సంగతి.

అలాంటి మనిషి సిమెంటు బస్తాలు పెట్టుకోవడానికని ఊళ్ళోనే ఇంకో పేట షాదీపూర్‌లో ఓ పాత ఇల్లు కొన్నాడు. దాని వెనక ఈతకొలను ఉంది. పంపునీళ్ళు మూడు రోజులకోసారి వచ్చే ఊళ్ళో, జనం డ్రమ్ములతో వరసలు కట్టే ఊళ్ళో, వానలకు నిండిన ఆ కొలను చూసి బతు బస్తీలో వీళ్ళ పక్కింటి కామమ్మ బుగ్గన వేలేసుకుంది. తనకు డ్రమ్ములు చాలక చస్తుంటే ఈ వదినకి చెరువే దొరికిందని వీధంతా చెప్పి వచ్చింది.

అచ్చిబాబు కూతురు ప్రత్యూష బడిలో ఆటల టీచరు. సముద్రం మధ్య పుట్టిన పిల్లలకు ఈత రాకపోవడమేమిటని, సొంత వీధి పిల్లలు పద్నాలుగు మందికి నేర్పుతానంది. డిసెంబరు మొదటి ఆదివారం మొదలు. కామమ్మ మనవరాలు చిట్టితల్లి అందరికంటే ముందు పేరిచ్చింది.

నీళ్ళు పరీక్షించడానికి ప్రత్యూష ఓ చిన్న పెట్టె తెప్పించింది. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేస్తే రంగు వస్తుంది, ఆ రంగుని అట్టమీది రంగులతో పోల్చి చూడాలి. అచ్చిబాబు అంతా శ్రద్ధగా విన్నాడు. విని, కొలనులో వేలు ముంచి నాకి, పులుపెక్కువైందని తేల్చేశాడు.

అది మొదలు కొలనుని పులుసు గిన్నెలాగే చూసుకున్నాడు. పులుపని సోడా పోశాడు, రుచి చూశాడు, ఇంకాస్త పోశాడు. పాచి పడుతోందని బ్లీచింగ్ పౌడర్ కుమ్మరించాడు. మర్నాటికి కొలను మజ్జిగైంది. పెట్టె తప్పు చెబుతోందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నాన్నా అంది ప్రత్యూష. చుక్కలు వేసిన గొట్టం కూడా నోటి దాకా తీసుకుపోతే చేతిమీద ఒక్కటిచ్చింది.

దెబ్బలు తిని తిని నేర్చుకున్నాడు. కొద్దిగా కలపడం, మోటారు తిప్పడం, ఆగడం, మళ్ళీ చూడడం. నెల తిరిగేసరికి నాలికా, పెట్టె రెండూ ఒకే మాట చెప్పడం మొదలెట్టాయి. "పెట్టె పాసైంది" అన్నాడు.

కానీ ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి. తెల్లారకుండానే షాదీపూర్ వెళ్ళి, మిరపపళ్ళలాంటి కళ్ళతో టిఫిన్‌కి వచ్చేవాడు. అడిగితే దుమ్మన్నాడు. జడివానలో దుమ్మేమిటి? పుష్పావతికి పాత రోజులు గుర్తొచ్చాయి. పదకొండేళ్ళ క్రితం ఈయన తాగేవాడు. ఆమె తలమీద చెయ్యేసి మానేశాడు. ఇప్పుడు దగ్గరికొస్తే ఘాటుగా ఏదో వాసన కూడా వస్తోంది.

కామమ్మ ఊరుకుంటుందా? "నిప్పు నేకుండా పొగొస్తాదేటి వదినా" అని సన్నగా ఊదింది. పుష్పావతి ఒకరోజు ఆయన నీళ్ళ సీసా మూత తీసి, అటూ ఇటూ చూసి, చుక్క నాలిక మీద వేసుకుంది. మంచినీళ్ళే. ఆ మనిషి జబ్బు తనకీ అంటుకుందని తల కొట్టుకుంది. అయినా నమ్మకం కుదరలేదు.

శనివారం పొద్దున్నే ఆటో కట్టించుకుని వెనకాలే వెళ్ళింది. అచ్చిబాబు కొలను గట్టున మోకాళ్ళ మీద కూర్చుని గొట్టంలో రంగు చూశాడు, వేలు ముంచి రుచి చూశాడు. తరవాత మెడ దాకా తల నీళ్ళలో ముంచేశాడు. బుడగలొచ్చాయి. తల ఎత్తడేం? తాగి పడిపోతున్నాడనుకుని ఆమె పరుగున వెళ్ళి చొక్కా కాలరు పట్టి లాగింది.

"ఏటండీ ఈ పని?"

"కళ్ళు తెరిసి సూస్తన్నాను" అన్నాడు నీళ్ళు కారుతూ. "మంట పుడతాదో నేదో నాలిక్కి తెలవదు పుష్పా, పెట్టెకీ తెలవదు. పిల్లలు నీళ్ళలో కళ్ళు తెరుస్తారు కదా. ఆ చిట్టితల్లి అసలే సున్నితం, దుమ్ము పడితేనే రోజంతా నలుపుకుంటాది. మంటేదో ముందు నాకే తెలవాలి."

"నెల్లాళ్ళూ ఇదేనా?"

"రోజూ మండింది. ఇయ్యాల మండలేదు. సూడు."

ఆమె ఆయన గడ్డం పట్టుకుని చూసింది. కళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ వాసనా బ్లీచింగ్‌దే. అనుమానించినందుకు సిగ్గేసింది, ప్రేమ పొంగింది, కోపమూ వచ్చింది. మూడూ కలిపి వీపు మీద ఒకటి వేసి, కొంగుతో తల తుడిచింది. సీసా సంగతి మాత్రం చెప్పలేదు.

ఆదివారం పద్నాలుగు మంది పిల్లలు గట్టున వరస కట్టారు. ప్రత్యూష ఈల నోట్లో పెట్టుకుంది. తీరా సమయానికి అచ్చిబాబుకి బెంగ పట్టుకుంది. ఇంకొక్కసారి చూస్తానని, రాత్రి వాన పడిందని, సోమవారం పెట్టుకుందామని నసుగుతున్నాడు. చిట్టితల్లి మొహం వాడిపోయింది.

పుష్పావతి ముందుకొచ్చింది. కామమ్మ చూస్తుండగానే కొలనులో వేలు ముంచి, నాలిక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పక్కకి తిరిగి తుపుక్కున ఊసింది.

"ఠీక్ హై, దింపండి" అంది.