తెర మీదికి రాని గడి

2008 వానాకాలం. ఖమ్మంలో కంప్యూటర్ల షాపు పెట్టి అప్పటికి ఆరేళ్లయింది. అమ్మకం నాదే, రిపేరూ నాదే. ఒకచోట పని చేస్తుంటే మనసు ఇంకోచోట ఉండేది.

ములకలపల్లి వైపు ఒక ట్రస్టు నడిపే చిన్న దవాఖానా నుంచి ఆర్డరు వచ్చింది. అక్కడ రెండు కంప్యూటర్లు. ఒకటి రక్తపరీక్ష మిషన్‌కు కలిపిన విండోస్ డెస్క్‌టాప్. రెండోది రోగుల రికార్డులున్న లాప్‌టాప్, విండోస్ బదులు లైనక్స్ మీద నడిచేది. దాని తెర చెడిపోయింది. మందులిచ్చే గదిలో ఉన్నది ఒక్క మానిటరే. రెండింటినీ దాని మీదే చూడాలంటే కేవీఎం స్విచ్ కావాలి. బటన్ నొక్కితే ఒక కంప్యూటర్, మళ్లీ నొక్కితే ఇంకోటి వస్తుంది. సాయంత్రం లాప్‌టాప్‌ను బీరువాలో పెడతారు కాబట్టి డాకింగ్ స్టేషన్ కూడా అడిగారు. వైర్లన్నీ దానికే ఉంటాయి, పొద్దున లాప్‌టాప్ తెచ్చి తగిలిస్తే చాలు.

లైనక్స్ అని వాళ్లు ముందే చెప్పారు. షాపులో ఉన్నవే తీసుకుపోయాను.

డాక్ పెడితే తెర నల్లగానే ఉండిపోయింది. దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ విండోస్‌కు తప్ప లేదు. డాక్‌ను సంచిలో వేసుకుని, లాప్‌టాప్‌ను నేరుగా స్విచ్‌కు కలిపాను. బొమ్మ వచ్చింది. అక్షరాలు కాస్త లావుగా ఉన్నాయి. వచ్చింది కదా అని కొత్తగూడెం బస్సెక్కేశాను.

రెండో రోజు సుగుణ సిస్టర్ ఫోన్ చేసింది. యాభై దాటిన మనిషి, ఆ మందుల గదంతా ఆవిడ చేతి మీదే నడిచేది.

"తమ్ముడూ, అక్షరాలు లావైనయ్. పేజీ మొత్తం కనవడ్తలేదు."

"రెండ్రోజులు వాడండి సిస్టర్, అలవాటైతది."

మూడోసారి చేసినప్పుడు గొంతు మారింది. మర్నాడు పోయాను. జ్వరాల కాలం, వరండా నిండా జనం. "వీళ్లను పంపినంక కంప్యూటరిస్త, ఆగు" అంది. ఆగడం నాకు చేతకాని పని. సత్తుపల్లి నుంచి ఒకరు, వైరా నుంచి ఒకరు ఫోన్ల మీద ఫోన్లు. గుమ్మం దాకా పోయి వస్తున్నాను, గడియారం చూస్తున్నాను.

లక్ష్మి అనే బాలింత వచ్చింది, వెంట అత్త. డాక్టర్ రాసిన చీటీ సిస్టర్ చేతిలో పెట్టారు. సిస్టర్ తెర మీద లక్ష్మి రికార్డు తెరిచి చూసి, గోలీలు పొట్లం కట్టింది. అత్త పొట్లం విప్పి ఒక గోలీ వెలుతురులో పట్టుకుంది.

"గియ్యే గదమ్మా! పోయినేడు గివి మింగితే మా కోడలి మొకమంత ఉబ్బింది. ఊపిరాడలే. ఈడికే తెస్తిమి."

"గట్ల రాసి లేదే" అంది సిస్టర్, తెర వంక చూస్తూ.

నేను గబగబా వచ్చి మౌస్ పట్టుకుని పేజీని పక్కకు జరిపాను. తెర అంచుకు అవతల ఇంకో గడి ఉంది. అందులో ఎర్ర అక్షరాలు: సల్ఫా పడదు. పొట్లంలో ఉన్నవి సల్ఫా గోలీలే.

సిస్టర్ పొట్లం వెనక్కి తీసుకుంది. డాక్టర్‌కు ఫోన్ చేసి, మందు మార్పించి, వాళ్లను పంపింది. ఆ తర్వాతే నా వైపు తిరిగింది.

"గీ కుర్చీల కూసో."

కూర్చున్నాను.

"గిప్పుడు చెప్పు. అలవాటైతదా?"

మౌస్ అందుకుని సెట్టింగులు తెరిచాను.

లోపం చిన్నదే. మానిటర్ తన కొలతను వైరు గుండా కంప్యూటర్‌కు చెబుతుంది. నేను పెట్టిన చవక స్విచ్ ఆ కబురు దాటనివ్వలేదు. కొలత తెలియక లైనక్స్ అన్నిటికంటే చిన్న సైజుకు దిగిపోయింది. అందుకే అక్షరాలు లావెక్కి, పేజీ అంచు తెర దాటి పోయింది. ఆ మధ్యాహ్నం కొలతను సెట్టింగుల ఫైలులో చేత్తో రాసి, పేజీ మొత్తం తెర మీదికి తెచ్చాను. మరుసటి వారం, మానిటర్ కొలతను తనలో దాచుకునే స్విచ్, ఆ లాప్‌టాప్ కంపెనీవాళ్లే చేసిన డాక్ తెచ్చాను. అదైతే బొమ్మను ఉన్నదున్నట్టు దాటిస్తుంది, వేరే సాఫ్ట్‌వేర్ అడగదు. రెండూ ముందుగా షాపులో లైనక్స్ మీద ఒక పూట నడిపి చూశాకే బయల్దేరాను. సిస్టర్ బటన్ పదిసార్లు నొక్కింది. లాప్‌టాప్ వచ్చిన ప్రతిసారీ చివరి గడి మీద వేలు పెట్టి చూసింది. ఈసారి నేను గడియారం చూడలేదు.

ఆ నెలంతా నాకు కుదురు లేదు. నేను స్విచ్‌లు పెట్టిన ప్రతి చోటికీ ఫోన్ చేసి, తెర మీద ఏమైనా కనిపించకుండా పోతోందా అని అడిగాను. అప్పటి నుంచి ఏది బిగించినా, దాన్ని వాడే మనిషిని కూర్చోబెట్టి వాళ్ల పని నా ముందే ఒకసారి చేయించుకుంటాను. బొమ్మ రావడంతో నా పని అయిపోదని ఆ గదిలో తెలిసింది.

అయినా ఒక్క ఆలోచన ఇప్పటికీ నిలవనీయదు. ఆ అత్త ఆ రోజు కోడలిని ఒక్కదాన్నే పంపి, తను నాట్లకు పోయి ఉంటే?