కత్తెర పడిన పుస్తకం

మా తమ్ముడు మొట్టమొదట సాధించింది మిల్లు కార్మికులకు ఎనిమిది గంటల పని. పదకొండు రోజులు సమ్మె చేయించి మరీ సాధించాడు. ఆ తర్వాత ఐదు కరపత్రాలు, శ్రామికుల రాజ్యం మీద ఏకంగా ఒక పుస్తకం. ప్రెస్సులో అక్షరాలు పేర్చే ఉద్యోగం కదా, రాయడమే గాని ఆపడం తెలియదు. ఆపేవాడు అతని స్నేహితుడు, మా వీధి దర్జీ. తమ్ముడు పది పేజీలు తెస్తే, బట్టల కత్తెరతోనే ఏడు పేజీలు తీసేసి, మిగిలినవాటికి గుండుసూది గుచ్చి ఇచ్చేవాడు. "రాజ్యం వచ్చాక తిండిగింజలు ఎవరు పంచుతారో రాయలేదేంరా?" అనేవాడు. ఇద్దరికీ వారం రోజులు మాటలుండేవి కావు. ఎనిమిదో రోజున తమ్ముడు గొణుక్కుంటూ అదే రాసేవాడు.

పుస్తకం మీద పేరు వేయలేదు. పోలీసులు దర్జీ కొట్టుకే వచ్చి, రాసిందెవరని అడిగారు. "నేనేనండీ," అన్నాడు దర్జీ. అప్పటికి అతని భార్యకు నెలలు నిండాయి. అక్కడే కూర్చున్న తమ్ముడు ఒక్క ఉదుటున లేచాడు. "నీ మొహం! ఒక్క వాక్యం రాశావా నువ్వు? చొక్కా గుడ్డలా కత్తిరించావంతే!"

"కత్తిరించకపోతే నీ రాతలు ఎవడు చదువుతాడ్రా?"

ఇన్‌స్పెక్టరు గారు ఇద్దరి మాటలూ కాసేపు విని, ఎక్కువ అరిచినవాణ్ణి తీసుకుపోయారు. జైలు నుంచి రెండో పుస్తకానికి నలభై పేజీలు వచ్చాయి. దర్జీ ఒక్కటీ కత్తిరించలేదు. "తిట్టేవాడు ఎదురుగా లేకపోతే నాకు తప్పులెక్కడ కనిపిస్తాయక్కా?" అంటాడు. తమ్ముడి విడుదల మార్చి పద్నాలుగు, శుక్రవారం.