మామ ఎందుకు పిలవలేదంటే

ఆరేళ్ళుగా ఒక మాట గుండెల మీద బండలా ఉంది. మా ఆయనకు చెప్పలేదు. మీరు నాకు ఏమీ కారు, అందుకే మీకు చెబుతున్నాను. ఇది రాయబోతూ కూడా తలుపు వేసి ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

మా మామ మార్కాపురం పలకల గనుల్లో ముప్పై ఏళ్ళు రాయి కొట్టిన మనిషి. పక్షవాతంతో ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాయి. అప్పటి నుంచి అన్నిటికీ కోపమే. కరెంటు పోతే అరుపు. ట్యాంకరు రాకపోతే అరుపు. వాన పడకపోయినా నన్నే తిట్టేవాడు, మబ్బుల్ని నేనేదో కొంగున ముడేసుకున్నట్టు. అవేవీ ఆయన చేతిలో లేవు. నా చేతిలోనూ లేవు. మా ఆయన పొద్దున్నే పలకల ఫ్యాక్టరీకి పోతే సాయంత్రం దాకా ఆ అరుపులన్నీ నాకే.

ఒకరోజు ఫోన్లో ఒక వీడియో చూశాను. మొండి పిల్లల తల్లుల కోసం చేసింది. బిడ్డ కోపంతో అరిస్తే పలక్కుండా లేచి వెళ్ళిపోవాలట, ఊరుకున్నాక ఇష్టమైనది ఇవ్వాలట. మామకు టీ అంటే ప్రాణం. ఆయన అరిచినప్పుడల్లా బయటికొచ్చి తలుపు వేసేదాన్ని. చప్పుడు ఆగాక వంద లెక్కపెట్టి టీ తీసుకెళ్ళేదాన్ని.

మూడు నెలల్లో ఇల్లు సద్దుమణిగింది. కరెంటు పోతే పళ్ళు బిగబట్టి తలుపు వైపే చూస్తూ పడుకునేవాడు. పొదిలి నుంచి వచ్చిన ఆడబిడ్డ నా ఓర్పును మెచ్చుకుంది. మురిసిపోయాను. అక్కడితో ఆపి ఉంటే ఇది రాసే పనే ఉండేది కాదు. దాహమని పిలిచినా, పక్క తడిసిందని పిలిచినా తలుపు వేయడం మొదలుపెట్టాను. అది కోపం కాదని నాకు తెలియదా? తెలుసు. ఆ గొంతు వినపడకపోతే ఎంత హాయిగా ఉండేదో అది కూడా తెలుసు.

ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం ట్యాంకరు వచ్చిందంటే బిందెలు తీసుకుని పోయాను. పక్కింటి ఖాసింబీ తన గడపలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మామ పిలిస్తే కాస్త చూడమని చెప్పాను. రెండు గంటలు పట్టింది. వచ్చేసరికి మామ మంచం పక్కన నేల మీద ఉన్నాడు. తుంటి విరిగింది. తెలివిలోనే ఉన్నాడు. నన్ను చూడగానే బెదిరిపోయాడు.

"నేను అరవలా అమ్మాయ్," అన్నాడు. "ఇంతసేపూ అరవలా. టీ పోస్తావా?"

పోశాను. సగం ఆయన చొక్కా మీదే పోయింది.

నాయన పిలిచే ఉంటాడు కదా, ఎవరికీ వినపడలేదా అని మా ఆయన అడిగాడు. పిలిచే ఉంటాడు, ఖాసింబీకి వినపడలేదేమో అన్నాను. ఎలా వచ్చింది నా నోటికి ఆ మాట? వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది.

ఆసుపత్రిలో ఇరవై రోజులు మామ పక్కనుంచి కదల్లేదు. ఇలాంటి కోడలు ఎవరికుంటుంది అన్నారు అందరూ. నిజానికి ఆయన నోటికి కాపలా కాశాను. ఎవరికైనా చెప్పేస్తాడేమోనని నిద్ర పట్టేది కాదు. ఆయన ఒక్క మాట చెప్పలేదు. నొప్పికి కూడా అరవకుండానే కన్నుమూశాడు.

మా ఆయన ఈనాటికీ ఖాసింబీతో మాట్లాడడు. ఆమె గిద్దలూరు పోయి చెవులు చూపించుకుంది. బాగున్నాయని చెప్పినా నమ్మలేదు. "నా చెవులు పాడుగాను, ముసలాయన ఎంతగా పిలిచినాడో తల్లీ," అని ఇప్పటికీ నా చేతులు పట్టుకుంటుంది. ఈ మధ్య ఆమె కోడలు చంటిబిడ్డను ఆమె దగ్గర వదలడం మానేసింది. వినపడని మనిషి మీద నమ్మకమేమిటని. బిడ్డ లోపల ఏడుస్తుంటే ఖాసింబీ గడప బయట కూర్చుని ఉంటుంది. నాకు ఆ ఏడుపు వినపడుతుంది. ఆమెకూ వినపడుతుంది.

ఆమెకు చెబితే మా ఆయనకు తెలుస్తుంది. ఆ తర్వాత నా గతేమిటి? ఆ భయం ఇంకా పోలేదు. చెబుతానని మీకు మాట ఇవ్వలేను. రాయగలిగింది ఇంతే. ఖాసింబీ చెవులకు ఏమీ కాలేదు. మామ పిలవలేదు. పిలవకూడదని నేర్పింది నేను.